క్యాంపు దాటితేనే చర్చి

"ఈ ఒక్క ఏడాదికి విత్తనాల బుట్ట పంపెయ్యవయ్యా, ఏం పోద్ది?" అన్నాను ఫోనులో.

"నువ్వుండేది మసీదు పక్కనే కదే? నిన్నెవడైనా నమాజు చెయ్యమన్నాడా?" అన్నాడు మా ఆయన.

"నా సంగతి వేరు. పనిమనిషిని. నువ్వు ఆ ఊళ్ళో బతకాలి."

"నేనూ అదే అంటన్నాను. నా ఊళ్ళో నేను బతకాలి."

"ఖలాస్. నీ ఇష్టం," అని పెట్టేశాను. పొయ్యి మీద మేడమ్ గారి అన్నం అడుగంటుతోంది.

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. ఆ మరుసటి వారం ఆయన్ని చంపేశారు.

బుట్ట సంగతి ముందు చెప్పాలి, లేకపోతే ఎవరికీ అర్థం కాదు. మాది గోదావరి ఏజెన్సీలో ఒక కోయ ఊరు. వానలకి ముందు అక్కడ భూమి పండగ చేస్తారు. ఇంటింటి నుంచీ బుట్టలో విత్తనాలు తెచ్చి ఒక్కచోట పోస్తే, పూజారి వాటిమీద కోడి రక్తం చల్లి మళ్ళీ అందరికీ పంచుతాడు. ఆ విత్తనమే ఊరంతా చల్లాలి. ఒక్క ఇంటి బుట్ట తగ్గినా ఊరందరి పంటా చెడుతుందని నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను తప్పు పట్టను. పెళ్ళయ్యేదాకా మా అమ్మగారింటి బుట్ట నెత్తిన పెట్టుకుని మోసినదాన్నే. పెళ్ళయ్యాక మేమూ ఇంకో రెండిళ్ళవాళ్ళూ ప్రభువుని నమ్ముకున్నాం. రక్తం చల్లిన విత్తనం ముట్టుకోం అన్నాం. అప్పట్నుంచి వాన ఆలస్యమైతే మా వల్ల, పురుగు పడితే మా వల్ల, ఎవరి చూడి ఆవు ఈసుకుపోయినా మా వల్లే.

అదొక్కటే అయితే తిట్టుకుంటూ బతికేవాళ్ళం. కానీ మా ఊరి మీద రెండు ప్రభుత్వాలు ఉండేవి. అడవిలో తుపాకులు పట్టుకున్న అన్నలు, రోడ్డు మీద పోలీసు క్యాంపు. ఇద్దరికీ అన్నం వండి పెట్టాలి, పెట్టలేదని ఇద్దరికీ చెప్పాలి. మా చర్చి సంత ఊళ్ళో ఉంది. అక్కడికి పోవడానికి ఒక్కటే దారి, అది క్యాంపు గేటు ముందు నుంచి పోతుంది. మా ఆయన ప్రతి ఆదివారం తెల్ల చొక్కా తొడుక్కుని ఆ గేటు ముందు నుంచే నడిచి వెళ్ళేవాడు. వాన పడుతున్నా మానేవాడు కాదు.

మా ఊరి పెద్ద, అన్నల దగ్గరికి పోయి ఒక్క మాటే చెప్పాడు. "ఆడు వారం వారం క్యాంపు కాడికి పోతన్నాడు." ఆ మాటలో అబద్ధం లేదు చూడండి. క్యాంపు దాకా పోతాడు, అది దాటి చర్చికి పోతాడు. దాటి పోతాడన్న ముక్క మాత్రం పెద్ద మింగేశాడు. బుట్ట ఇవ్వనివాడు ఊళ్ళోంచి పోవాలి, పోగొట్టే పని ఇంకొకరి చేత్తో జరగాలి. అన్నలు వచ్చి వాగు ఒడ్డుకి పిలిపించారు. ఎవరు పిలుచుకుపోయారో, ఎవరు దారి చూపించారో మా ఆడపడుచు తన గుమ్మంలోంచి చూసింది. పోలీసు ఏజెంటని చీటీ రాసి ఆయన చొక్కాకి గుచ్చారు.

నేనప్పుడు గల్ఫులో బనియాస్‌లో ఉన్నాను, ఇప్పుడూ అక్కడే ఉన్నాను. ఒక అరబ్బుల ఇంట్లో వంటపని. ఆ కబురు నాకు తెచ్చింది మా ఆడపడుచు కూతురే, ఇప్పుడు ఇది రాస్తున్న పిల్ల. నాకు మేనకోడలు. షార్జా అల్ నహ్దాలో ఒక సూపర్‌మార్కెట్టులో బిల్లులు కొడుతుంది. ఫోనులో చెప్పలేక అంత దూరం బస్సులు మారి వచ్చి, వంటింటి వెనక తలుపు దగ్గర నిలబడింది. దాని ముఖం చూసి వాళ్ళమ్మ పోయిందనుకుని నేనే ముందు దాన్ని కౌగిలించుకున్నాను. "మా అమ్మ కాదత్తా, మావయ్య," అంది నా భుజం మీద.

కరోనా వచ్చిన మరుసటేడు అది. ఇక్కణ్ణుంచి ఇండియాకి పోవచ్చు, పోతే తిరిగి రానివ్వరు. నాకు వీసా పెట్టిన కఫీల్ మంచివాడు, టికెట్టు తీస్తానన్నాడు. అప్పుడు మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. నేను పోయి అక్కడ కూర్చుంటే అదీ అక్కడే కూర్చుంటుంది. పోలేదు. మేడమ్ ఒక డబ్బా టిష్యూలు నా చేతిలో పెట్టి, ఆ పూట వంట తనే చేసుకుంది. ఉప్పు ఎక్కువైందని ఇంట్లో అందరూ ముఖాలు చిట్లించారు, ఎవరూ నన్ను పిలవలేదు. అది వాళ్ళ మర్యాద.

ఆయన్ని ఊరి మట్టిలో పెట్టనివ్వలేదు. బుట్ట కలపనివాడి ఒళ్ళు కలిస్తే భూమి చేదెక్కుతుందట. మిగతా రెండిళ్ళ విశ్వాసులూ మంచం మీద మోసుకుని వాగు దాటించి, అవతలి గట్టున పాతిపెట్టారు. అవతలి గట్టు వేరే రాష్ట్రం. ఏడుస్తూ మోసేవాడు రాష్ట్రం చూసుకుంటాడా?

ఆఫీసులు చూసుకున్నాయి. యుద్ధంలో చిక్కుకుని చచ్చినవాళ్ళ కుటుంబాలకి ప్రభుత్వం సాయం చేస్తుందనీ, పిల్లల్లో ఒకరికి ఉద్యోగం ఇస్తుందనీ పాస్టరుగారు చెబితే అర్జీ పెట్టించాను. శవం అవతల ఉంది కాబట్టి వాళ్ళనడగండి అన్నారు ఇవతలివాళ్ళు. ఓటు ఇవతల ఉంది కాబట్టి వాళ్ళనే అడగండి అన్నారు అవతలివాళ్ళు.

"బతికున్నప్పుడు సంత దాటి పోనోడు, మావయ్య ఇప్పుడు రెండు రాష్ట్రాలు తిరుగుతున్నాడత్తా," అంది ఈ పిల్ల. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

ఇంకో చిక్కు కూడా బయటపడింది. పోలీసుల కాగితాల్లో మా ఆయన దళానికి అన్నం పెట్టినవాడని ఉందట. చంపినవాళ్ళేమో పోలీసు మనిషన్నారు, పోలీసులేమో దళం మనిషన్నారు. ప్రభువు మనిషని రాసుకున్నవాడు ఎక్కడా లేడు. ఆ మచ్చ పోతేగానీ సాయం రాదు, మచ్చ పోవాలంటే విచారణ జరగాలి. అర్జీ పెట్టిన మా అమ్మాయి ఇంటర్ అయిపోయి, బట్టల కొట్టులో చేరి, అది మూతబడి ఇంటి దగ్గర ఖాళీగా కూర్చున్నాక, వీడియోలో విచారణ చేస్తామని కబురొచ్చింది.

ముందురోజు ఆ ఆఫీసు గుమాస్తా ఫోను చేశాడు. "ఏమ్మా, దుబాయ్‌లోనా? ఎండలెలా ఉన్నాయమ్మా అక్కడ?" అన్నాడు చుట్టపు పలకరింపులాగా. తర్వాత గొంతు తగ్గించాడు. "రేపు సారు అడుగుతారు, మీ ఆయన పోలీసులకి ఏవైనా కబుర్లు చెప్పేవాడా అని. చెప్పేవాడండీ అను. ఫైలు అదే పైకి పోద్ది. చర్చీ, విత్తనాలూ అని మొదలెట్టావనుకో, అది మతం గొడవైపోద్ది. మతం గొడవ మా పథకం కాదు, వేరే ఆఫీసు."

"అంటే, చంపినోళ్ళు ఆయన మీద ఏం చెప్పారో నేనూ అదే చెప్పాలాండి?"

"అలా మాటకి మాట లాగకమ్మా. పిల్ల బతుకు చూసుకో."

మేనకోడలు ఫోనులో ఆ మాట విని, "చెప్పెయ్యి అత్తా. మావయ్యకి వినపడదు," అంది.

"ఊరికి వినపడద్ది. చూశారా, మేం ముందే చెప్పలేదా అంటారు."

"అనుకోనీ. పిల్లకి ఉద్యోగం అయితే వస్తదిగా."

"ఏజెంటు కూతురికి వచ్చిందంటారు. ఆ పేరుతో అది ఆ ఊరి దారిన నడవగలదా?"

విచారణ రోజు ఉదయం నేను మంచి చీర కట్టుకుని తల దువ్వుకుంటుంటే మేడమ్ తలుపు దగ్గర ఆగింది. "నయా షాదీ?" అంది కళ్ళెగరేసి.

"నహీ మేడమ్, గవర్నమెంట్."

"గవర్నమెంట్? ముష్కిలా కబీర్!" అని చేతులెత్తేసింది. పెద్ద చిక్కే అని. వంటింట్లో ఆ పూట పని చెప్పలేదు.

మేనకోడలు సెలవు పెట్టి వచ్చి ఫోను పట్టుకుని కూర్చుంది. అవతల ఆఫీసు గదిలో అధికారి, పక్కన గుమాస్తా, తెరకి దగ్గరగా కుర్చీలో మా అమ్మాయి. చాలా కాలానికి దాన్ని అంత పెద్ద ముఖంతో చూశాను. వాళ్ళ నాన్న నుదురే.

అధికారి చదువుకున్నవాడిలాగా మెత్తగానే మాట్లాడాడు. "మీ భర్త పోలీసులకు సమాచారం ఇచ్చేవారా?"

"లేదండి. ప్రార్థనకి పోయేవాడండి. క్యాంపు దాటితేనే చర్చి."

"దళానికి సాయం చేసేవారా?"

"అడిగితే అన్నం పెట్టేవాళ్ళం. మీ క్యాంపోళ్ళు అడిగినా పెట్టేవాళ్ళం. పెట్టకపోతే ఎవరు ఊరుకున్నారండి?"

"మరి ఎందుకు చంపారని మీ అనుమానం?"

"అనుమానం కాదండి," అని మొదలుపెట్టి అంతా చెప్పాను. బుట్ట దగ్గర్నుంచి చెప్పాను. ఊరి పెద్ద ఏం చెప్పాడో చెప్పాను, వాగు దాకా పిలుచుకుపోయినవాళ్ళ ఇంటిపేర్లు చెప్పాను, చూసిన మనిషి ఉందని చెప్పాను. తుపాకీ అన్నలదే, కానీ ఆయన్ని చూపించిన వేలు మా ఊరిది, ఆ వేలుని కూడా అడగండి అన్నాను. గుమాస్తా కలం కింద పెట్టేశాడు. మా అమ్మాయి తల వంచుకుంది. అధికారి తల ఊపాడు. "సరేనమ్మా, రాసుకున్నాం. మీరక్కడ సంతకం పెట్టలేరు కాబట్టి మీ అమ్మాయి మీ తరఫున పెడుతుంది," అన్నాడు.

ఏం రాసుకున్నారో చదివి వినిపించమని అడగాలని నాకు తోచలేదు. చదువు రానివాళ్ళకి, ఎదుటివాడు తల ఊపాడంటే రాశాడనే లెక్క.

కొన్నాళ్ళకి మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ఏజెన్సీలో ఆడపిల్లల హాస్టల్లో ఆయా. చేరిన రోజు ఫొటో పంపింది. మేడమ్‌కి చూపిస్తే "మబ్రూక్" అని నా చెంప తట్టింది. నిజం చెప్పినా పని జరిగింది, ప్రభుత్వంలో కూడా ఎవరో ఒకరు దేవుడికి భయపడేవాడున్నాడు అనుకున్నాను. ఆ సంతోషంలో, విచారణ కాగితం ఒకసారి చదివి పెట్టమని మేనకోడల్ని అడిగాను. దాని ఫోనులో ఉంది. రేపు చదువుతానంది, తర్వాత చదువుతానంది. గట్టిగా అడిగితే చదివింది.

"నా భర్త ఎవరెవరితో తిరిగేవాడో, ఎందుకు చంపబడినాడో నాకు తెలియదు. నాకు ఎవరి మీదా అనుమానం లేదు." కింద మా అమ్మాయి సంతకం.

అప్పుడే అమ్మాయికి ఫోను చేశాను.

"నేను అబద్ధం రాయించలేదమ్మా," అంది. నేను అడగకముందే అంది. "నాన్న పోలీసు మనిషని రాస్తామన్నారు. వద్దన్నాను. అయితే తెలీదని రాద్దామన్నారు. సరే అన్నాను. దాంట్లో నాన్న పరువేం పోయింది?"

"నాకు తెలీదా? నాకు తెలీదని నా కూతురే సంతకం పెట్టిందా?"

"మరేం చెయ్యను? నువ్వు ఆడ కూచుని పేర్లు చెప్తావు. నేనిక్కడ తిరగాలి."

"ఆళ్ళని ఎవరూ ఒక్క మాట కూడా అడగరా ఇంక?"

"ఆళ్ళ మనవరాళ్ళు నా హాస్టల్లోనే ఉన్నారమ్మా. పొద్దున్నే జడలేస్తన్నాను. చిన్నది నన్ను అక్కా అంటది," అంది.

ఆ చిన్నదాని జడ లాగమని చెప్పనా?

ప్రభుత్వం మాకు సాయం చేసింది, కాదనను. నా బిడ్డ మూడు పూటలా తింటోంది. కానీ సాయం ఒక చేత్తో ఇచ్చి, న్యాయం అడిగే నోరు ఇంకో చేత్తో మూసింది. మూయడానికి నా బిడ్డ చెయ్యే వాడుకుంది. చంపినవాళ్ళు ఆయనకి ఒక పేరు పెట్టారు, కాపాడాల్సినవాళ్ళు ఇంకో పేరు పెట్టారు. నాకు మాత్రం ఏమీ తెలియని ఆడది అని పేరు పెట్టారు. పోయిన పండక్కి కూడా మా ఊళ్ళో బుట్టలు కలిపారట. మిగిలిన రెండిళ్ళవాళ్ళూ ఈసారి పంపారట. భయంతో పంపారు. వాళ్ళని ఏమీ అనను.

అందుకే ఈ పిల్లని కూర్చోబెట్టి రాయిస్తున్నాను. ఆదివారం నా సెలవు, దానిదీ సెలవే. ఇందాకట్నుంచి గొణుగుతూనే ఉంది. "పేర్లొద్దు అత్తా, దాని ఉద్యోగం పోద్ది. మా అమ్మ ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది," అని. సరే అన్నాను. ఊరి పేరు తీసేసింది, పెద్ద పేరు తీసేసింది, వాగు పేరు తీసేసింది. ఆయన పేరు కూడా తీసెయ్యమంది. దానికి చాలాసేపు ఒప్పుకోలేదు, చివరికి అదీ ఒప్పుకున్నాను. ఇంక ఇందులో తీసెయ్యడానికి ఏమీ లేదు.

కలం పెట్టెయ్యకు. ఎక్కడా మెత్తగా చెయ్యలేదు కదా? నేను "పిలుచుకుపోయారు" అన్నచోట "వెళ్ళాడు" అని రాయలేదు కదా? అలా చూడకు, నీ మీద నమ్మకం లేక కాదు. ఒకసారి అడగకుండా ఊరుకున్నాను, చాలు. ఏదీ, మొదట్నుంచి చదువమ్మా. మెల్లగా చదువు.