బొమ్మ మీద అక్క గీసిన గీత

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. ఆమె నోరు కత్తెర కంటే పదును. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం దుకాణంలో పార్సిలు విప్పి నోట మాట రాక నిలబడిపోయింది.

పెట్టెలో ఉన్నది ఆడమనిషి మొండెం. తల లేదు, చేతుల్లేవు, కాళ్లు లేవు. మిగిలినవన్నీ ఉన్నాయి, అదీ అవసరానికి మించిన శ్రద్ధతో ఉన్నాయి.

"ఇది దర్జీల కోసం చేసింది కాదే," అన్నాడు భర్త నవ్వాపుకోలేక. "ఒంటరి మగాళ్ల పడకగది కోసం చేసింది. ఏం చూసి కొన్నావు?"

"నిజమైన ఒళ్లులా మెత్తగా ఉంటుందని రాస్తే కొన్నానండీ!"

"పాపం, అబద్ధమైతే రాయలేదు."

వెనక్కి తీసుకోరట. చేసేది లేక టైలరమ్మ దానికి ఒక పాత చొక్కా తొడిగి, గిరాకీల కంటబడకుండా తెర వెనక పెట్టింది. అయినా తేలు కుట్టిన దొంగలా రోజంతా ఆ తెర వైపే చూస్తూ కూర్చుంది. పరువు పోతే పోయింది, ఆ మెత్తదనం మాత్రం ఆమెకు కావాలి. అక్క కోసం కావాలి.

అక్క సిటీ బస్సు డ్రైవరు. ఆ మధ్య రొమ్ములో గడ్డ బయటపడి, ఎడమవైపు మొత్తం తీసేశారు. జబ్బు నయమైంది, బండి నడపొచ్చని డాక్టరు కూడా అన్నాడు. ఆ ధైర్యంతోనే డిపోకు వెళ్లింది. సీటు బెల్టు పెట్టుకుని స్టీరింగు తిప్పేసరికి, రొమ్ము తీసేసిన చోట పెట్టుకోడానికి కొన్న మెత్త కాస్తా బెల్టు ఒత్తిడికి జారి మెడ దగ్గరికి ఎగబాకింది. చొక్కా ఒకవైపు గుంటపడింది. అక్క బండి దిగి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత గడప దాటలేదు. సోమవారానికల్లా బండెక్కకపోతే టికెట్ల కౌంటర్లో వేస్తానని డిపో మేనేజరు కబురు పెట్టాడు. స్టీరింగు పట్టిన చేతులతో చిల్లర లెక్కపెట్టడం కంటే ఉద్యోగం మానేయడం నయమంది అక్క.

బెల్టు కింద కదలని బనీను ఒకటి కుట్టిపెడతానని టైలరమ్మ మాటిచ్చింది. చిక్కల్లా ఒకటే, అక్క ఒంటి మీద టేపు పడనివ్వదు. "పాత కొలతలున్నాయిగా, వాటితో కుట్టు," అంటుంది. దుకాణంలోని చెక్కబొమ్మ మీద బెల్టు బిగిస్తే అది అణగదు, జరగదు. చెక్కకేం తెలుసు ఒంటి బాధ? అందుకే ఆ మెత్తబొమ్మ.

బొమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, పాత బెల్టు బిగించి, ఊపి, లాగి, చివరికి బనీను కుట్టింది. బొమ్మకు అతికినట్టు సరిపోయింది. ఎంత మురిసిపోయిందో! మర్నాడే అక్క ఆ బనీను పట్టుకుని దుకాణానికొచ్చి బల్ల మీద విసిరికొట్టింది.

"ఎవరికి కుట్టావే ఇది? అడుగున ఏదో ఉన్నట్టు కుట్టావు. నాకక్కడ ఏముంది?"

ఆ ఊపుకు తెర జరిగింది. అక్క బొమ్మను చూసింది. చొక్కా ఎత్తి మళ్లీ చూసింది. ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టింది. ఆపరేషన్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

"ఓసి నీ దుంప తెగ! వీధిలో తెలిస్తే నీ కొట్టు ముందు మగాళ్లు బారులు తీరతారు, బట్టలు కుట్టించుకోడానిక్కాదు!"

టైలరమ్మకూ నవ్వొచ్చింది. అంతలోనే అక్క నవ్వు ఆగిపోయింది.

"దీనికి రెండూ ఉన్నాయి కదే," అంది మెల్లగా.

"కోద్దామని ఎన్నిసార్లో కత్తెర పట్టానక్కా. చెయ్యి రాలేదు. నిన్నే కోస్తున్నట్టు అనిపించింది."

"నన్నెప్పుడో కోసేశారు. బతికే ఉన్నానుగా! సుద్ద ఇలా ఇవ్వు."

అక్క బొమ్మ ముందు కూర్చుని, చంక కింద మొదలుపెట్టి గుండె మధ్య దాకా ఒక గీత గీసింది. "కుట్లు ఇక్కణ్నుంచి ఇక్కడికి. ఇక్కడ ముట్టుకున్నా తెలీదు. ఇదిగో, ఇక్కడ బెల్టు తగిలితే నిప్పే." తన ఒంటి గురించి ఎవరికీ చెప్పని మాటలన్నీ ఆ తలలేని బొమ్మ మీద చూపించి చెప్పింది. టైలరమ్మ కళ్లనీళ్లు ఆపుకోలేకపోయింది.

"బొమ్మ మీద ఏడవకే, గీత చెరిగిపోతుంది," అంది అక్క కత్తెర తీసుకుంటూ.

ఆ రబ్బరు అంత తేలిగ్గా తెగలేదు. ఒకరు పట్టుకుంటే ఒకరు కోశారు. టీ తెచ్చిన భర్త గుమ్మంలోంచే ఆ దృశ్యం చూసి, గ్లాసులు అక్కడే పెట్టి, వచ్చినదారినే వెళ్లిపోయాడు.

ఈసారి బనీను తీరే మారింది. మెత్తను ఛాతీకి ఆనించకుండా భుజాన్నుంచి వేలాడదీసింది. నిప్పన్న చోట రెండు పొరల మెత్తటి గుడ్డ వేసింది. బెల్టు బిగించి ఎంత లాగినా బొమ్మ మీద అది కదల్లేదు.

అక్క చాలాసేపు చూసింది. "బొమ్మకి బాగుంది," అని లేచి వెళ్లి దుకాణం తలుపు గడియ పెట్టింది. చొక్కా గుండీలు విప్పుకుంది.

"దాని కొలత దానిది. నా కొలత నువ్వు తియ్యి," అంటూ రెండు చేతులూ పైకెత్తింది. ఎడమ చెయ్యి అంతెత్తు లేవలేక మధ్యలోనే ఆగింది. అయినా దించలేదు.

టైలరమ్మ టేపు చుట్టింది. అక్క ఉలిక్కిపడింది.

"నొప్పా అక్కా?"

"కాదే. నీ చేతులు చల్లగా ఉన్నాయి."

సోమవారం పొద్దున టైలరమ్మ బొమ్మకు గుండుసూదులు గుచ్చుతుంటే బయట బస్సు హారన్ మోగింది. ఆ వీధిలో హారన్ కొట్టకూడదు. అయినా మళ్లీ మోగింది. టైలరమ్మ ఉన్నపళంగా బయటికి పరుగెత్తింది. యూనిఫాం మీద బెల్టు బిగించుకుని స్టీరింగు ముందు నిటారుగా కూర్చున్న అక్క, ఆమెను చూసి పగలబడి నవ్వింది. అప్పుడు గానీ టైలరమ్మకు తెలియలేదు, చంకలో బొమ్మ ఉందని.

వీధి వీధంతా చూసింది. చూస్తే చూడనీ అనుకుని, ఆమె ఆ బొమ్మనే పైకెత్తి ఊపింది.