ఓబులేసు పెట్టిన పేరడగని పెట్టె

నిన్న పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెట్టినా. పక్కింటాయప్ప వచ్చి, "నెట్ సెంటర్ ఓబులేసు పోయినాడంట" అన్నాడు.

ఏ ఓబులేసు అని అడిగినా.

కమలాపురంలో నాకు తెలిసిన ఓబులేసు ఒకడే. అయినా అడిగినా.

నిద్రలోనే పోయినాడంట. ముందురోజు దాకా షాపు తీసినాడు. మంచి సావే.

నాకు మాట్లాడడం రాదు. రాసేది అంతకన్నా రాదు. సర్దుకోండి.

ఓబులేసు ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని చూసి, రిటైరయినాక షాపు పెట్టినాడు. ఒకసారి ఒకాయన మూలశంకకు మందు వెతికిపోయినాడు. ఆయన తర్వాత అదే కంప్యూటర్ కాడ కూర్చున్నోళ్లకు స్క్రీన్ నిండా అవే యాడ్స్. అందరూ నవ్వినారు. ఆ మనిషి మళ్లీ షాపు తొక్కలేదు.

అది ఓబులేసు మనసులో పడింది.

ప్రాక్సీ సర్వర్ అని ఒకటి పెట్టినాడు. మన బదులు అదే పోయి అడిగొస్తాదంట. అవతలోళ్లకు మనమెవరో తెలీదు. దాన్ని కంటైనర్ అనే పెట్టెలో పెట్టినాడు. "టిఫిన్ క్యారియర్ మాదిరప్పా. కావాల్సిందంతా దాంట్లోనే. ఒకరు వాడినాక తీసేస్తా, కొత్తది పెడతా" అన్నాడు.

కానీ ఫ్యాక్టరీ అలవాటు పోలేదు. గేటు కాడ లారీలు రాసినట్టు, ఎవరు ఏ సైటుకు పోయినారో లాగ్ రాయించినాడు! ఆయన పెండ్లాం, మా వదిన, అది చదివింది.

"ఏమయ్యా, జుట్టు మొలిపించే సైటుకు పోయినావే, ఎవరికి చూపియ్యాలని?"

షాపంతా నవ్వు. అందరికన్నా ఆయనే ఎక్కువ నవ్వినాడు. అప్పుడే లాగ్ ఆపేసినాడు.

ఇంక నా సంగతి. ఇంతవరకు ఎవరికీ చెప్పలే.

నా ఎడమ చేతి మీద మచ్చ వచ్చింది. పోగు తగిలినా తెలీలే. కుష్టేమో అని భయం. మగ్గాల కాడ అందరం ఒకే బిందె నీళ్లు తాగేటోళ్లం. తెలిస్తే నన్ను రానిస్తారా? నాలుగు నెలలు చొక్కా చేతులు దించుకోనే తిరిగినా.

ఒకరోజు షాపుకు పోయి ఊరికే నిలబడినా. ఓబులేసు ఏమీ అడగలే. తెలుగు అక్షరాలు వచ్చేట్టు పెట్టి, "టీకి పోతాండా. తీరిగ్గా సదువుకో" అని షట్టర్ సగం దించి పోయినాడు.

ఒక్కో అక్షరం కొట్టినా. తిమ్మిరి మచ్చ అని. కుష్టయినా మందు ఉండాది, నయమైతాది అని ఉంది. రెండుసార్లు చదివినా.

తిరిగొచ్చినాక నేను వాడిన ఆ కంటైనర్ పెట్టె తీసేసినాడు. "నువ్వేం చూసినావో నాకూ తెలీదు, దేవునికీ తెలీదు."

"దేవునికి తెలుస్తాదిలే" అన్నా నేను.

"ఆయన లాగ్ నా చేతిలో లేదప్పా!"

మరుసటి రోజే పెద్దాసుపత్రికి పోయినా. కుష్టే. ఆరు నెలలు మాత్రలు మింగినా. ఆసుపత్రోళ్లు దుడ్లేమీ తీసుకోలే. పూర్తిగా పోయింది. చెయ్యి బాగుంది. నేస్తాండా.

ఏమైందని ఓబులేసు ఎప్పుడూ అడగలే. నేనూ చెప్పలే. నిన్న మట్టి వేసేటప్పుడు ఆ చేత్తోనే వేసినా.

ఇది చదివేటోళ్లలో ఎవరికన్నా అట్లాంటి మచ్చ ఉంటే దాచొద్దు. ఆసుపత్రికి పోండి. తోడు కావాలంటే నేనొస్తా.

పోయిరా ఓబులేసప్పా. శానా మందిని నిమ్మళంగా పండుకోనిచ్చినావు. నువ్వూ నిమ్మళంగా పండుకో.