కారు కన్ను ఎక్కడుందో చూపించిన మాస్టారు

మా డ్రైవింగు గురువు బమ్మిడి కూర్మారావు మాస్టారు గత సోమవారం ఉదయం కీర్తిశేషులయ్యారు. ఫోనులో ఆ వార్త వినేటప్పటికి నేను కాశీబుగ్గ షోరూములో ఒక కొత్త కారుకు రిబ్బను కడుతున్నాను. ఆయన ఆరోగ్యం క్షీణిస్తున్నదని తెలియక కాదు. ఉద్దానంలో ఏ ఇంట అడిగినా చెప్పే ఆ కిడ్నీ జబ్బే ఆయననూ పట్టింది. వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్. అయినా అంతకు ముందు శనివారమే నా పక్క సీట్లో కూర్చుని, గేరు మార్చే తీరు బాగోలేదని తిట్టిన మనిషి ఇక లేరంటే ఎలా నమ్మను? అక్కడే నిలబడి ఏడ్చాను. కారు కొనుక్కున్నవాళ్లు పాపం కంగారుపడ్డారు.

అక్షరాలు దిద్దించిన పంతులుగారికి శాలువా కప్పుతాం. మందస నుంచి టెక్కలి దాకా ఎందరి చేతనో స్టీరింగు పట్టించి, ప్రాణరక్షణ విద్య నేర్పిన ఈ నిరాడంబరుడికి ఎవరూ కప్పలేదు. ఆ కోపం నాకుంది, దాచుకోను.

ఆయన స్కూలు కారులో గురువు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉండేది. నేర్చుకునేవాడు తడబడితే గురువు తొక్కడానికి. మాస్టారు దాన్ని మొదటి వారమే తొక్కేవారు. ఆ తర్వాత కాళ్లు రెండూ సీటు మీదికి మడుచుకుని కూర్చునేవారు. నేను బెదిరిపోయి అడిగితే, "నా కాలుందని నీకు దైర్నం. ఆ దైర్నమే నిన్ను సంపుద్ది. బ్రేకు కాలితో కాదురా ఈశ్వరా, కంటితో ఎయ్యాల" అన్నారు. ఆ రోజు నుంచి నాకు రోడ్డు కనిపించడం మొదలైంది.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం నాకిష్టం లేదు. మహా కోపిష్ఠి. ఒక బ్యాంకు ఆఫీసరు పాఠం మధ్యలో ఫోను ఎత్తాడని, నందిగాం దగ్గర నడిరోడ్డున దింపేసి వచ్చేశారు. ఎండలో చెమటలు కక్కుతూ వచ్చిన ఆ పెద్దమనిషి మర్నాడు మళ్లీ పాఠానికి హాజరయ్యాడు, ఫోను ఇంట్లో పెట్టి.

నేను కార్లమ్మే ఉద్యోగంలో చేరాక కాలం మారింది. ఒకప్పుడు మా దగ్గరికి వచ్చినవాళ్లు మైలేజీ ఎంత అని అడిగేవారు. ఇప్పుడు కొబ్బరి వర్తకులు, జీడిపప్పు ఫ్యాక్టరీవాళ్లు, పెన్షను పుచ్చుకున్న మాస్టార్లు కూడా "తనంతట తనే బ్రేకేసే కారుందా?" అని అడుగుతున్నారు. ముందున్న బండిని కెమెరాతో, రాడారుతో కనిపెట్టి, గీత దాటితే హెచ్చరించి, అవసరమైతే తానే ఆపే ఆ ఏర్పాటును షోరూములో మేము అడాస్ అంటాం. ఖరీదైన కార్లలో మాత్రమే ఉండేది కాస్తా మధ్యతరగతి కారుకూ దిగివచ్చింది. దాన్ని పొగడడమే నా పని, బాగా పొగిడేవాణ్ణి.

ఆ కారు చూపిస్తే పాతకాలపు మనిషి వెక్కిరిస్తారనుకున్నాను. మాస్టారు వెక్కిరించలేదు. ఆ కారు పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి మూడు రోజులు చదివి, నాలుగో రోజు టెక్కలి వైపు హైవే మీద స్వయంగా నడిపారు. ముందు లారీ నెమ్మదిస్తే కారూ నెమ్మదించింది. పసిపిల్లాడిలా మురిసిపోయారు. "నా కన్నా ఓపికున్న మాస్టారురా ఇది. తిట్టదు కూడా" అన్నారు.

తర్వాత బండిని ఉద్దానం రోడ్లలోకి తిప్పించారు. అక్కడ గీతల్లేవు. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. ఎదురుగా మేకలు. కారు ఒకచోట అకారణంగా కూతపెట్టింది, కూయవలసినచోట ఊరుకుంది. మాస్టారు ప్రతిచోటా ఆపి, చిన్న పుస్తకంలో రాసుకున్నారు. "దీని తప్పు కాదు. హైవేలో సదువుకున్నాది. మన రోడ్డు దీని సిలబస్‌లో నేదు. ఆ సంగతి కొన్నోడికి నువ్వు సెప్పాల" అన్నారు. అలాగేనన్నాను. చెప్పలేదు. లోపాలు చెప్పుకుంటూ పోతే కారెవరు కొంటారు?

దాని ఫలితం లోకనాథంగారు అనుభవించారు. ఆయన కొబ్బరి వర్తకుడు, ఆ అడాస్ కారు నా మాట మీదే కొన్నారు. డెలివరీ నాడు పూజ జరిగింది. పురోహితుడు ముందు అద్దం పైభాగాన నడిమధ్యన పసుపు ముద్దతో పెద్ద స్వస్తిక్ వేసి కుంకుమ అద్దారు. కెమెరా సరిగ్గా దాని వెనకే ఉంది. ముందు భాగాన రాడారును కప్పేస్తూ బంతిపూల దండ కట్టారు. పసుపు పళ్లెం అందించింది నేనే. పూజ బొట్టు తుడవడం మా వైపు అపచారం. దానంతట అది రాలిపోవలసిందే. వారం గడిచినా ఆ ముద్ద అలాగే ఉంది. లోపల హెచ్చరిక దీపం వెలుగుతుంటే, కొత్త కారు కదా, ఏవో దీపాలు వెలుగుతాయనుకున్నారు. నందిగాం దాటాక రోడ్డు మీద ఆగివున్న లారీని చూసి కూడా, కారే ఆగుతుందని కాలు కదపలేదు. ఆఖరి క్షణాన స్టీరింగు తిప్పి పొలంలోకి దిగిపోయారు. పక్కనున్న తల్లి చెయ్యి విరిగింది.

షోరూముకొచ్చి నిలదీశారు. "కారే ఆగుద్దని నువ్వే గదా సెప్పినావు." నేనేమన్నానో రాయడానికి సిగ్గేస్తోంది. "కెమెరాకి పసుపు పూసుకున్నది మీరే కదండీ" అన్నాను.

ఆ సాయంత్రం జరిగింది చెబితే మాస్టారు నన్ను తిట్టలేదు. అందుకే భయమేసింది. "కెమెరా ఎక్కడున్నాదో ఆలకి సూపించినావేటి?" అని అడిగారు. లేదన్నాను. "మరి బొట్టు ఎక్కడెట్టాలో ఆలకెలగ తెలుస్తాది? రేపు లోకనాథం ఇంటికి పద. తర్వాత నువ్వమ్మిన ప్రతి ఇంటికీ."

డయాలసిస్ లేని రోజుల్లో తిరిగాం. ముందుగా లోకనాథంగారి తల్లికి నా చేత దండం పెట్టించారు. ప్రతి ఇంటా మాస్టారు బొట్టు పళ్లెం అడిగి తెప్పించుకుని, ఇల్లాలి చేత బానెట్ మూల మీద పెట్టించేవారు. అద్దం మీది పాత ముద్దను తడిగుడ్డతో తనే తుడిచేవారు, ఆ అపచారమేదో తనకే తగలాలన్నట్టు. "అమ్మా, ఇది కారు కన్ను. కంట్లో పసుపు ఎవులెడతారు? దండ ఇక్కడ కట్టుకోండి. కన్ను బాగున్నా సరే, దీనికి అన్నీ అగుపడవు. రోడ్డు మీంచి మీ కన్ను తియ్యకండి." సాయంత్రమయ్యేసరికి ఆ మహానుభావుడి కాళ్లు వాచిపోయేవి. నేను వద్దంటే వినేవారు కాదు.

మా మేనేజరు మండిపడ్డారు. ఇలా చెబితే కొట్టు మూసుకోవాలన్నారు. మాస్టారు శాంతంగా, "నాకు మందిచ్చినాయన ఏటి తినకూడదో కూడా సెప్పినాడు బాబూ. అందుకని ఆయన ఆస్పత్రికి ఎవులూ ఎల్లడం మానేసినారేటి?" అన్నారు. ఆ నెల నుంచి మా డెలివరీ కాగితంలో కెమెరా చూపించామనే గడి ఒకటి చేరింది. ఆయన పేరు అందులో లేదు, ఆయన అడగనూ లేదు.

నిన్న ఇచ్ఛాపురం నుంచి ఒకాయన వచ్చారు. భార్య కొత్తగా కారు నేర్చుకుంటున్నారట, తనే ఆగే కారు కావాలన్నారు. ఆ కారు చేసేవన్నీ చెప్పాను. చెయ్యలేనివీ చెప్పాను. ధాన్యం, మేకలు, గీతల్లేని రోడ్డు, జోరువాన, ఏదీ దాచలేదు. ఆయన శ్రద్ధగా విని, "మరింకేటి లాభం?" అని లేచి వెళ్లిపోయారు. ఎదురు షోరూములోకి వెళ్లడం అద్దంలోంచి చూశాను. అక్కడ ఆయనకు ఏం చెబుతారో నాకు తెలుసు. ఒకప్పుడు నేను చెప్పిందే చెబుతారు. నా నిజం ఆయన భార్యను కాపాడినట్టా, అబద్ధానికి అప్పగించినట్టా? వెనక్కి పిలిచి లోపాలు కాస్త తగ్గించి చెప్పవలసిందా? రాత్రంతా నిద్ర లేదు.

మాస్టారూ, మీ మాటలన్నీ నాకు కంఠతా వచ్చుననుకున్నాను. కానీ ఈ ప్రశ్నకు మీరేం చెబుతారో ఎంత ఆలోచించినా తోచడం లేదు. మీరు పోయారని నాకు ఇప్పుడు తెలిసింది. మీ పాదాలకు నమస్కారం.