కట్టుడు పళ్ళ మీద పడ్డ నింద

బెంగాల్లో ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్ తెలుగు సంఘంలో ఆదివారం పాట ఎత్తేది, అందరూ పెదనాన్న అని పిలిచే బైరాగి పెదనాన్నే. ఎత్తేది మాత్రం తప్పు రాగంలోనే. ఈ రెండిట్లో ఒక్కటైనా మార్చాలని పాస్టరు గారు పదకొండు నెలలు ప్రార్థన చేశారు. దేవుడు కూడా ఆ గొంతు వినపడగానే చెవులు మూసుకుంటున్నాడేమో, ఆ ప్రార్థన పైకి చేరలేదు.

అది మామూలు తప్పు కాదు. క్రిస్మస్ పాటని భూస్థాపన పాటలా మొదలెట్టేవాడు. రెండో చరణానికి పెళ్ళి ఊరేగింపులోకి తిప్పేవాడు. అక్కణ్ణుంచి ఏ సందులోకి వెళ్ళేవాడో, వెనకాల పాడేవాళ్ళు దారి తప్పి ఒక్కొక్కరే ఆగిపోయేవారు. చివరికి ఆమెన్ దగ్గర అందరూ మళ్ళీ కలుసుకునేవారు.

ప్రార్థన గది మేడ మీద. కింద వాటాలో ఒక బెంగాలీ ముసలాయన. మొదటిసారి ఆ పాట వినగానే ఆయన మంచినీళ్ళ చెంబు పట్టుకుని మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు.

"కార్ కీ హోలో? ఎవరికేమైంది?"

"ఏటీ కాలేదు దాదా, స్తుతిస్తన్నాం," అన్నాడు పెదనాన్న.

ఆయన ఆ నీళ్ళు తనే తాగేసి కిందికి దిగిపోయాడు. ఆ తర్వాత నుంచీ పాట మొదలవగానే టీవీ గొంతు పెంచడం నేర్చుకున్నాడు. డాకులో ఓడ కూత వేసినప్పుడల్లా సంఘంలో మగవాళ్ళు, "అదిగో, ఓడ కూడా పెదనాన్న శ్రుతి అందుకుంది," అని మోచేతులతో పొడుచుకునేవారు.

నింద మొత్తం కట్టుడు పళ్ళ మీద పడింది. వేసింది కామాక్షమ్మ, పెదనాన్న భార్య.

"ఆ పళ్ళు ఎట్టించుకున్న కాణ్ణుంచీ ఇంతే. పళ్ళదో రాగం, నాలికదో రాగం. ఆ డాక్టరు కనబడితే నా సేతిలో అయిపోతాడు!"

"పళ్ళు తీసి పాడితేనో?" అని ఎవరో సలహా ఇచ్చారు.

"తీత్తే మాట అర్దం కాదు, ఎడితే రాగం అర్దం కాదు. ఏది కావాలో దేవుణ్ణే అడగండి," అనేవాడు పెదనాన్న, చక్కగా వరస తీరిన ఆ పళ్ళన్నీ చూపిస్తూ.

చివరి బల్ల మీద గోడకి ఆనుకుని కూర్చునే సుజనకి ఇది విని నవ్వు రాదు, ఏడుపూ రాదు. అంతా అయోమయంగా ఉంటుంది. ఎందుకంటే అంతకుముందు పన్నెండేళ్ళు ఆ సంఘంలో పాట ఎత్తింది తనే. కిటికీ పక్క ఎత్తుపీట ఆమెది. భర్త ఢిల్లీశ్వరరావు డాకులో క్రేను నడిపేవాడు. డ్యూటీకి పోవాలి కాబట్టి గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చునేవాడు. ఆమె ఎప్పుడూ కాస్త ఎక్కువ శ్రుతిలోనే ఎత్తేది. అతను అరచెయ్యి కిందికి చూపించేవాడు, క్రేను దించమన్నట్టు. ఆమె శ్రుతి దించేది. పదకొండు నెలల కిందట ఒక మధ్యాహ్నం గుండె ఆగి అతను పోయాక, ఆమె ఆ పీట ఎక్కలేదు.

భూస్థాపన నాడు పెదనాన్న అందరికంటే గట్టిగా "స్తోత్రం" అన్నాడు. సుజనకి ఒళ్ళు మండింది. పాస్టరు గారేమో కష్టంలోనూ దేవుణ్ణి పొగడాలనే స్తుతియాగం గురించి నాలుగు ఆదివారాలు చెప్పారు. ఆయన చెప్పినవన్నీ మంచి మాటలే. అవి ఆమె గుండెదాకా వచ్చి, లోపలికి ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడేవి. మా ఆయన పోయినందుకు స్తోత్రమా? నేను ఉన్నందుకా? బావుందని నోటితో అంటే అబద్ధం కాదా? అనకపోతే తప్పు కాదా? వంకాయలు తరుగుతూ ఆలోచించేది. తరగడం అయిపోయేది గానీ ఆలోచన తెగేది కాదు.

ఇంతలో నది అవతల టికియాపారా నుంచి హరిచందన వచ్చి సంఘంలో చేరింది. పాస్టరు గారి మేనకోడలు. తెలుగు చదవడం రాదు, పాటలన్నీ ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుంటుంది. గొంతు మాత్రం తేనె.

"ఈ రోజు నుంచి పాట హరిచందన ఎత్తుతుంది," అనేవారు పాస్టరు గారు ప్రతి ఆదివారం.

ఆ పిల్ల ఫోను తెరిచేలోపు పెదనాన్న లేచేవాడు.

"నువ్ నెమ్మదిగా ఎతుక్కో అమ్మా, తొందరేటీ నేదు. ఈలోగా నాను కానిచ్చేత్తాను."

"బైరాగి గారూ, మీరు తాళాలు వాయించండి, చాలు."

"తాళాలు ఎవుడైనా కొడతాడు బాబూ. దేవుడికి గొంతు కావాల."

"ఈ గొంతు అడిగాడంటారా?" అనేవారు పాస్టరు గారు నీరసంగా. అప్పటికే పాట డాకు దాటిపోయేది.

ఈస్టరుకి రెండు వారాల ముందు పాస్టరు గారు ఒక నిర్ణయానికి వచ్చారు. పండగ నుంచి పాటలు హరిచందనవే, పెదనాన్న లేస్తే కూర్చోబెట్టడానికి ఇద్దరు మగవాళ్ళు. కిటికీ పక్క పీట తీసేసి అక్కడ మైకు పెడతారు. ఆ మాట విన్నప్పుడు సుజన కిటికీ వైపే చూసింది. ఎక్కని పీట పోతే నీకెందుకే అని తనను తనే అడిగింది.

ఆ శనివారం గది ఊడవడం ఆమె వంతు. ఇంట్లో తోచక శుక్రవారం పొద్దున్నే చీపురు పట్టుకుని వెళ్ళింది. మెట్ల మీదే ఆగిపోయింది. లోపల ఎవరో పాడుతున్నారు. ఢిల్లీశ్వరరావుకి ఇష్టమైన పాట. తను ఎక్కడ సాగదీసేదో అక్కడే సాగుతోంది, తను ఎక్కడ విరిచేదో అక్కడే విరుగుతోంది. ఎవరి ఫోనో మోగుతోందనుకుని తొంగి చూసింది.

బైరాగి పెదనాన్న! లుంగీ ఎగ్గట్టి, తడిగుడ్డతో ఆమె పీట తుడుస్తున్నాడు.

"పెదనాన్నా! పళ్ళేవీ?"

దొంగసరుకుతో కస్టమ్స్ వాళ్ళకి దొరికినట్టు నిలబడ్డాడు ఆయన. "నోట్లోనే ఉన్నాయమ్మా."

"మరి ఆదివారం ఏటయిపోతన్నాయి?"

"కామాక్షికి సెప్పకే. పదకొండు నెల్లై ఆ డాక్టర్ని తిడతంది. పాపం, మంచోడు."

"నాకేటీ అర్దం కావట్లేదు. ఎందుకిలాగ?"

గుడ్డ పిండి కిటికీకి ఆరేశాడు. "హరిసందన బాగా పాడతాది. ఒక్క ఆదివారం పాడిందంటే అందరూ సుకంగా కూకుంతారు. సుజన ఏదీ అని మరెవులడుగుతారు? అదే నాను పాడితేనో? ముప్పై మంది పళ్ళు కొరుక్కుంటా 'సుజన ఉంటే ఎంత బాగుణ్ణు' అంతారు. పదకొండు నెల్లుగా నీ పేరు వొదల్నేదు ఒక్కడూ."

సుజన చీపురు గోడకి ఆనించి, తనూ గోడకి ఆనుకుంది.

"నాకు స్తుతి రావట్లేదు పెదనాన్నా. బాగుందని ఎలాగ అనీది?"

"బాగుందని ఎవుడనమన్నాడు? నాను డాకులో కళాసీగా ఉన్నప్పుడు పెద్ద పెద్ద పెట్టెలు తాళ్ళేసి లాగీవోళ్ళం. ఒకడు హైలెస్సా అంటే మిగిలినోళ్ళందుకుందురు. బరువు దించేసినాక ఎవుడూ కేకెయ్యడమ్మా. బరువున్నప్పుడే కేక. కేకేత్తే బరువు తగ్గదు. కానీ అందరి సేతులూ ఒక్కపాలే పడతాయి. ఆ నాడు మట్టి కాడ నాను స్తోత్రం అన్నది అందుకే. నువ్ తిట్టుకున్నావు, నాకు తెల్సు."

"ఇప్పటికీ సరిగ్గా అర్దం కాలేదు."

"నాకూ కాలేదు. అయినా పెట్టె కదిలీది."

పండగకి ముందు ఆదివారం, పాస్టరు గారు లేవకముందే పెదనాన్న లేచాడు. ఇదే ఆఖరి అవకాశం అనుకున్నాడో ఏమో, అంత ఘోరంగా ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తింది ఢిల్లీశ్వరరావు పాటే. కింద టీవీ గొంతు పెరిగింది. కామాక్షమ్మ చెంగు నెత్తిన కప్పుకుంది. పండగ దాకా ఆగే ఓపిక లేక ఆ ఇద్దరు మగవాళ్ళూ లేచి పెదనాన్న వైపు నడిచారు.

సుజన భరించలేకపోయింది. అది భక్తో, కోపమో, పాట మీద జాలో ఆమెకే తెలియదు. చివరి బల్ల మీంచే మొదటి వరస సరిగ్గా అందుకుంది. లేచిన మగవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ముప్పై గొంతులు, ఇంటిదారి దొరికినట్టు, ఒక్కసారిగా ఆమె వెనక పడ్డాయి. హరిచందన ఫోను ఒళ్ళో పెట్టేసి రెండో గొంతు కలిపింది.

అయితే అలవాటుగా ఎక్కువ శ్రుతిలోనే ఎత్తింది. రెండో చరణం దగ్గర గొంతు అందలేదు. కళ్ళు గుమ్మం వైపు వెళ్ళాయి. అక్కడ చెప్పులే ఉన్నాయి.

అప్పుడు పెదనాన్న నిలబడ్డ చోటునుంచి ఒక మగ గొంతు మెల్లగా అందుకుని, పాటని రెండు మెట్లు దించింది. చిన్న పలుకు కూడా తప్పకుండా ఆ చరణం మొత్తం మోసింది. సుజన ఊపిరి పీల్చుకుని మళ్ళీ పాటలో కలిసింది.

అందరి తలలూ అటు తిరిగాయి. పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పెదనాన్న ఆ చూపులన్నీ గమనించాడు. గమనించి, మూడో చరణాన్ని గబుక్కున పెళ్ళి ఊరేగింపులోకి తిప్పేశాడు.

"సెప్పలేదేటి? మళ్ళీ జారిపోనాయి ముదనష్టం పళ్ళు!" అంది కామాక్షమ్మ.

సుజన పాడుతూనే ఫక్కున నవ్వేసింది. పాట ఆగలేదు.