మొదటి కాపు కొండకు

కొవిడ్ తగ్గి జనం మాస్కులను గడ్డం కిందికి దించుకున్న వేసవిలో నన్ను కర్నూలు నుంచి కడపకు, ఒక ప్రభుత్వ బోధనాసుపత్రికి బదిలీ చేశారు. హోదా ప్రొఫెసర్, బాధ్యత చర్మవ్యాధుల విభాగాధిపతి. ప్రభుత్వం దృష్టిలో చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు మూడూ ఒకే విభాగం. అందువల్ల మా ఓపీ వరుసలో జనం ఒకరినొకరు పలకరించుకోరు. తెలిసినవాళ్ళు ఎదురుపడితే ఇద్దరూ తామరకే వచ్చామని ముందుగా చెప్పేసుకుంటారు.

ఛార్జి తీసుకున్న రోజు స్టోరులో ఒక అట్టపెట్టె చూపించారు. జుట్టు మార్పిడికి వాడే మోటారు పంచ్ యంత్రం. పీజీ విద్యార్థులకు నేర్పడానికని నాకు ముందున్నాయన ఇండెంటు పెడితే, ఆయన రిటైరయ్యాక వచ్చింది. నేను చూసేటప్పటికి దాని మీద టీ గ్లాసులు బోర్లించి ఉన్నాయి.

ఆ పెట్టె తెరవాలని తపించే మనిషి విభాగంలో ఒక్కరే, అసిస్టెంట్ ప్రొఫెసర్ డాక్టర్ షబానా. బెంగళూరులో ఆ యంత్రం మీద శిక్షణ తీసుకుని వచ్చింది. ఏదో పని మీద నా గదికి వచ్చి, వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "సార్, ఆ బాక్స్..." అనేది. "చూద్దాంలేమ్మా" అనేవాణ్ని. సర్వీసులో నేను బాగా సాధన చేసిన మాట అది. నాకు చేతనైనది పాత పద్ధతి, స్ట్రిప్. కర్నూలులో కాలిన మచ్చల మీద జుట్టు మొలిపించడానికి అనేకసార్లు చేశాను. అలవాటైన కత్తి వదిలి మోటారు పట్టుకోవడానికి కారణం కనిపించలేదు.

కారణం ఒక సోమవారం ఓపీకి వచ్చింది, కొడుకును వెంటబెట్టుకుని.

ఆమె పేరు లక్షుమ్మ, జమ్మలమడుగు వైపు చిన్న రైతు. కొడుకు ఓబులేసు, ముప్పైకి దగ్గరపడ్డవాడు, గండికోటలో పర్యాటకులకు గైడు. టోపీ తియ్యమన్నాను. వెంట్రుకలు ఊడటానికి కూడా మేము గ్రేడులు వేస్తాం. ఇతనిది నడిమి గ్రేడు దాటింది. నుదురు నడినెత్తి దాకా వచ్చేసింది. చెవుల పైనా వెనకా మాత్రం చిట్టడవి.

ఇదివరకు ఏమేం వాడావని అడిగాను. ఏమేం వాడలేదని అడిగి ఉంటే తొందరగా ముగిసేది. ఎర్రగడ్డల రసం, అంటే ఉల్లిరసం, పూసుకున్నాడు. కర్నూలు మార్కెట్లో ఆ గడ్డలకు ధర లేని రోజుల్లో మొదలుపెట్టి, ధర పెరిగాక మానేశాడు. ఆముదం, ఏదో ఆకు పసరు, టీవీలో చూసిన నూనె అయ్యాయి. చివరికి ప్రొద్దుటూరులో విగ్గు కొన్నాడు. ఒక సీజనంతా బాగానే గడిచింది. ఒకరోజు లోయ అంచున నిలబడి చరిత్ర చెబుతుండగా గాలి లేచింది.

"ఎగిరి పెన్నాలో పడింది సార్" అన్నాడు ఓబులేసు.

"నువ్వేం చేశావు?"

"పట్టుకోబోయినా. ఎనకాల పిల్లోళ్ళు 'గద్ద! గద్ద!' అని అరిసిరి."

లక్షుమ్మ అందుకుంది. "దాన్ని ఎవుడో ఫోన్లో తీసినాడు సార్. కుదిరిన సంబంధం అది చూసి పోయింది. ఆ పిల్ల నాయన ఫోన్ చేసి, 'మీవోని నెత్తి పెన్నాలో ఉండాదంట గదమ్మా' అన్న్యాడు. ఇంగ మళ్ళా సంబంధం చూడాలంటే వీని నెత్తి మీద నిజమైంది ఉండాల."

షబానా కిటికీ వైపు తిరిగింది. నేను కేసు షీటు మీదికి వంగాను. ఇలాంటి సమయాల్లో కేసు షీటు చాలా ఉపయోగం.

జుట్టు రాలినవాడికి మా దగ్గరున్న దారులు తక్కువే. మొదటిది మందు: రోజూ రాసుకునే లోషన్, అవసరమైతే మాత్ర. అవి ఉన్నదాన్ని నిలబెడతాయి, నున్నగా అయిపోయినచోట మొలిపించవు. రెండోది రోగి రక్తమే కొంచెం తీసి, యంత్రంలో తిప్పి, అందులో పనికొచ్చే భాగాన్ని నెత్తిలోకి సూదితో ఎక్కించడం. "వాని నెత్తురు తీసి వానికే పొడుస్తారా? దానికి ఆసుపత్రెందుకు, మా ఊర్లో దోమలు లేవా?" అని లక్షుమ్మ దాన్ని కొట్టేసింది. మూడోది పైపై అలంకారం. విగ్గు, జిగురుతో అంటించే హెయిర్ ప్యాచ్, జుట్టు ఉన్నట్టు కనిపించేలా నెత్తి మీద పొడిచే రంగు చుక్కలు. కడప ఎండల్లో ప్యాచ్ కింద పట్టే చెమట గురించి నేను చెప్పబోతే ఓబులేసే వద్దన్నాడు. గాలి సంగతి అతనికి నాకన్నా ఎక్కువ తెలుసు.

నాలుగోది శస్త్రచికిత్స. తల వెనక జుట్టు స్వభావం వేరు, అది వయసుతో రాలదు. అక్కడి కుదుళ్ళను తీసి ముందు నాటితే, చోటు మారినా స్వభావం మారదు. అయితే తీసినచోట మళ్ళీ మొలవదు. ఉన్న కుదుళ్ళు ఉన్నన్నే. ఎటు ఖర్చుపెట్టాలో ముందే ఆలోచించుకోవాలి.

"నారు పీకి నాటేదే గదా" అంది లక్షుమ్మ. పీజీలకు దీన్ని చెప్పడానికి నేను ఒక క్లాసు తీసుకునేవాణ్ని. ఆమె నా తల వైపు చూసింది. అది నున్నగా ఉండి చాలా ఏళ్ళయింది. "మరి నువ్వెందుకు నాటుకోలే సార్?"

"పెళ్ళయిపోయిందమ్మా" అన్నాను. ఆ సమాధానం ఆమెకు సంపూర్ణంగా తోచినట్టుంది.

ఇక పద్ధతి. స్ట్రిప్‌లో తల వెనక ఒక సన్నని పొడవాటి చర్మపు ముక్క కోసి, కుట్లు వేసి, ఆ ముక్కలోంచి కుదుళ్ళు విడదీస్తాం. వెనక చెవి నుంచి చెవి దాకా గీతలాంటి మచ్చ మిగులుతుంది, పైజుట్టు దాన్ని కప్పేస్తుంది. పంచ్ పద్ధతిలో కోత లేదు. సన్నని గొట్టం తిప్పుతూ ఒక్కొక్క కుదురునే బయటికి తీస్తాం. మిగిలేవి చుక్కలు, అవీ వెతికితేనే కనిపిస్తాయి. వెనక జుట్టు మరీ పొట్టిగా కత్తిరించుకుంటావా అని అడిగాను. లేదన్నాడు. అయితే స్ట్రిప్ అని రాసి తారీఖు వేశాను. షబానా గట్టిగా ఊపిరి వదిలింది.

లేవబోతూ లక్షుమ్మ అంది: "సార్, ఒక మాట. మొలిసినాక మొదటి కాపు కొండకు. సామికి మొక్కుకున్న్యా."

"అంటే?"

"గుండు సార్. నున్నగా."

నేను కలం పట్టుకుని కూర్చున్నాను. గుండు చేయిస్తే నా గీత ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కల్యాణకట్టంతా చూస్తుంది. పెళ్ళిచూపుల్లో వెనక్కి తిరిగితే ఏ కొట్లాటలో తగిలిందని అడుగుతారు. మా ప్రాంతంలో ఆ ప్రశ్న తేలిగ్గా అడిగేది కాదు. షబానా అప్పటికే తలుపు దగ్గరుంది. ముఖమంతా పండగ.

"సార్, ఆ బాక్స్..."

"తెప్పించమ్మా" అన్నాను.

ఆపరేషను రోజు మా థియేటర్లో ఉన్న హుషారు నేను సర్వీసులో ఎక్కువసార్లు చూడలేదు. మొదట తల వెనక జుట్టు మిషనుతో పొట్టిగా చేస్తుంటే బయట నుంచి లక్షుమ్మ తొంగిచూసి, "కొండకిచ్చేది మీరే గొరుగుతాండారే" అని అభ్యంతరం చెప్పింది. ఇది పాత పంటమ్మా, మొక్కు కొత్తదానికి కదా అన్నాను. న్యాయమేనని ఒప్పుకుంది. ముందు జుట్టు ఎక్కడ మొదలవ్వాలో నుదుటి మీద గీత గీసేటప్పుడు ఓబులేసు సినిమా హీరోలా కిందికి కావాలన్నాడు. యాభై ఏళ్ళొచ్చినా బాగుండేటట్టు నేను కొంచెం పైకి గీశాను. తల్లిని పిలిచి చూపిస్తే, "వాళ్ళ నాయనది ఇట్లే ఉండె" అంది. గీత ఖాయమైంది.

మత్తు తలకు మాత్రమే ఇస్తాం, రోగి మెలకువగా ఉంటాడు. బోర్లా పడుకుని ఊరుకోలేక ఓబులేసు మాకు గండికోట చరిత్ర మొదలుపెట్టాడు. ధాన్యాగారం దగ్గరికి వచ్చేసరికి షబానా పంచ్ తిప్పి, పట్టకారుతో మెల్లగా లాగింది. మొదటి కుదురు వచ్చింది. భూతద్దం కింద పెట్టాం. అడుగున బుడిపె తెగకుండా, చుట్టూ పల్చని పొరతో, మొలకెత్తిన గింజలాగా పూర్తిగా ఉంది.

"సార్, వచ్చింది!" అంది షబానా.

"యాడికొచ్చింది?" అన్నాడు బోర్లా ఉన్న ఓబులేసు కంగారుగా.

పీజీలు నలుగురూ ఒకేసారి ఆ భూతద్దం మీద పడ్డారు. వాళ్ళను మందలించాల్సింది నేనే గానీ నేనూ ఆ వరుసలోనే ఉన్నాను. ఆ తర్వాత ఆమె తీయడం, పీజీలు చల్లని సెలైన్లో వేయడం, నేను ముందు నాటడం. సాయంత్రం దాకా సాగింది. ఈ లోపు కోట రెండుసార్లు చేతులు మారింది.

కొన్ని వారాలకు నాటిన వెంట్రుకలన్నీ రాలిపోతాయి. కుదురు లోపల ఉంటుంది, కొత్త వెంట్రుక మూడు నాలుగు నెలలకు వస్తుంది. ఇది ముందే చెబుతాం, రోగులు ముందే తల ఊపుతారు, రాలగానే ఫోను చేస్తారు. ఓబులేసు రోజూ చేశాడు. తర్వాత ఒకరోజు ఫోను రాలేదు, మనిషే వచ్చాడు. నుదుటి పైన నూగు. షబానా టార్చి వేసి చూసి కారిడార్లో ఉన్న నర్సులను కూడా పిలిచింది. ఏడాది దగ్గరపడేసరికి దువ్వెన అవసరమైంది.

అప్పుడు సంబంధం కుదిరింది. బేతంచెర్లలో నాపబండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే మద్దిలేటి కూతురు మంజుల, ఆ ఊరి సచివాలయంలో ఉద్యోగం. నిశ్చితార్థానికి ముందు మొక్కు తీరాలని లక్షుమ్మ పట్టు. ఓబులేసు ఒక్కడే వచ్చి నా గది తలుపు వేశాడు.

"సార్, ఒక్క అబద్దం. గొరిగితే నాటినేటివి సస్తాయని మా యమ్మకు చెప్పు. నీ మాట ఇంటాది."

"చావవు కదయ్యా. బ్లేడు పైన తిరుగుతుంది, కుదురు చర్మం లోపల ఉంటుంది."

"రాకపోతే? ఒకసారి పెన్నాలో పోయింది. ఈసారి కొండ మీద పోతే ఇంగ నాకు పిల్లనెవురిస్తారు సార్?"

వస్తుందన్నాను. నా గొంతు నాకే అవసరానికి మించి గట్టిగా వినిపించింది. పుస్తకాల్లో అలాగే ఉంది. అయితే పుస్తకం బేతంచెర్ల వెళ్ళి సమాధానం చెప్పుకోనక్కర్లేదు. నాటింది నేను, అదీ ఆ యంత్రంతో తీసినవి, మొదటిసారి. లక్షుమ్మను పిలిపించి, గుండుకు వైద్యపరంగా అభ్యంతరం లేదని చెప్పాను. ఓబులేసు చివరి ప్రయత్నంగా మూడు కత్తెర్లు ఇస్తే చాలదా అన్నాడు.

"అది ఆడోళ్ళకురా. సామి కాడ గూడా బేరమా? నీకు నెత్తి నిండా ఇచ్చినాడు, నువ్వు మూడు పోగులిస్తావా?"

వెళ్ళారు. తర్వాతి వారం ఓపీ మధ్యలో షబానా పరుగులాంటి నడకతో వచ్చింది. "సార్, వచ్చారు. పెళ్ళివాళ్ళతో సహా."

కొండ దిగి వచ్చాక లక్షుమ్మ ప్రసాదం ఇవ్వడానికి తిన్నగా బేతంచెర్ల వెళ్ళి, విగ్గుతో మొదలుపెట్టి అంతా చెప్పేసిందట. "లడ్డు చేతిలో పెట్టి అబద్దమెట్ల చెప్పేది సార్?" అంది. మద్దిలేటి తేల్చుకోవడానికి కూతురిని తీసుకుని వచ్చాడు. ఓబులేసు టోపీ కింద నేలచూపులు చూస్తున్నాడు.

"సార్, నాకు ఇంగ్లీసు మాటలొద్దు" అన్నాడు మద్దిలేటి. "ఈ నెత్తి మీద ఎంటికలు వస్తాయా, రావా?"

బొమ్మ గీసి కుదురు ఎక్కడుంటుందో, బ్లేడు ఎక్కడ తిరుగుతుందో వివరించాను. అధికారులు చెప్పేది వినే మర్యాదతో విన్నాడు. తర్వాత లేచి ఓబులేసు టోపీ తీసి పక్కన పెట్టాడు. "వంగప్పా" అన్నాడు. రోజంతా బండల మీద చెయ్యి పెట్టి పాలిష్ చూసే మనిషి. అరచెయ్యి మెడ దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని, వెనక నుంచి నడినెత్తి మీదుగా నుదుటి దాకా మెల్లగా లాగాడు. తలుపు దగ్గర పీజీలు ఒకరి భుజం మీద ఒకరు. షబానా చున్నీ కొసను పిడికిట్లో బిగించింది. ఆయన మళ్ళీ వెనక నుంచి ముందుకు లాగాడు.

"ముందరా ఎనకా ఒకటే గరుకు" అన్నాడు కళ్ళు తెరిచి. "పాలిష్ అయినేది అయితే చెయ్యి జారతాది. ఈడ యాడా జారలే."

"అయితే ఏమంటావన్నా?" అంది లక్షుమ్మ.

"ఏమనేదేముందిక్కా. తేదీ చూసుకుందాం."

పీజీలు చప్పట్లు కొట్టారు. ఓపీలో అది నిషిద్ధం. ఆ రోజు నాకు వినపడలేదు. నేనూ లేచి ఆ నెత్తి చూశాను. నుదుటి మీద నేను గీసిన గీత వెంట నల్లని నూగు బారులు తీరి ఉంది. నాటినదేదో పుట్టినదేదో నాకే తెలియలేదు. వెనక చుక్కల కోసం షబానా భూతద్దం తెచ్చుకోవాల్సి వచ్చింది.

అడగాల్సిన ప్రశ్న మంజుల ఒక్కతే అడిగింది. "నాటింది సరే సార్, నడినెత్తి చుట్టూ మిగిలిన పాత జుట్టు ఊడితే?" ఊడుతుందమ్మా, లోషన్ మానకుండా రాస్తే చాలావరకు నిలుస్తుందని చెప్పాను. ఆమె ఓబులేసు వైపు తిరిగి, "రాస్తాండావా?" అంది. పర్యాటకులు ఏ ప్రశ్న అడిగినా తడుముకోని మనిషి టోపీ వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

తర్వాత రిటైరయ్యేదాకా మా విభాగంలో ఆ యంత్రం మీద మరికొందరికి నాటాం. మందా, ప్యాచా, కత్తా, మోటారా అని తూకం వేసే ముందు నేను ఒకటి అడిగేవాణ్ని: ఈ తల మీద నీకు కాక ఇంకా ఎవరికి హక్కుంది? దేవుడో, తల్లో, కాబోయే మామో ఎవరో ఒకరు తేలేవారు. రోగి ఒక్కడిని అడిగి పద్ధతి నిర్ణయిస్తే సగం పరీక్ష చేసినట్టే. మిగతావాళ్ళను ఆపరేషనుకు ముందే గదిలోకి పిలవడం మేలు. పిలవకపోయినా వస్తారు, కాకపోతే ఆపరేషను అయ్యాక వస్తారు.