మాస్టారు మానుకున్న మాటలు

మాస్టారు పోయిన కబురు నాకెవరూ చెప్పలేదు. నేనే విన్నాను, అదీ వినకూడని పద్ధతిలో. ఆ పొద్దున అనకాపల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నా డ్యూటీ. నర్సీపట్నం నుంచి ఖరగ్‌పూర్‌కి అర్జెంటు ట్రంకు కాల్ బుక్కయింది. లైను కలిపాక ఆపరేటరు వినకూడదు, అది రూలు. మాట అందుతోందో లేదో చూద్దామని ఒక్క క్షణం ఆగాను. "మీ నాన్నగారు తెల్లారగట్ల పోయేర్రా, బేగి బయల్దేరు" అంది ఇవతలి గొంతు. అది మాస్టారి బావమరిది గొంతు. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసేది మాస్టారి ఒక్కగానొక్క కొడుకు. పక్కనున్నావిడని బోర్డు చూసుకోమని చెప్పి, బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. అదేం సిగ్గో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నర్సీపట్నంలో ఆయనది మా ఎదురిల్లు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. సాయంత్రాలు వరండాలో చాప పరిచి, ఉద్యోగాల పరీక్షలకి చదువుకునేవాళ్ళకి ట్యూషను చెప్పేవారు. డెబ్బైల చివర మాట ఇది. మా ఊరివాళ్ళమూ, రావికమతం వైపు నుంచి వచ్చి గదులు తీసుకున్నవాళ్ళూ అక్కడ చేరేవాళ్ళం. విశాఖపట్నంలో కాన్వెంటు చదువులు చదివినవాళ్ళతో మనం పోటీ పడాలంటే ఒకటే దారని ఆయన నమ్మకం. "ఆల్లకి తెలిసిన మాటలు ఆల్లకే ఒదిలీయండర్రా. ఆల్లకి తెలీని మాట మన దగ్గరుండాల" అనేవారు. ఆ తెలియని మాటల కోసం లావుపాటి డిక్షనరీలో ఎవరూ తొంగిచూడని మూలలన్నీ వెతికేవారు.

ఆయన పాఠం చెప్పే తీరు మరెక్కడా చూడలేదు. కొత్త మాట చెప్పేముందు చొక్కా పై బొత్తాం పెట్టుకునేవారు, ఇంటికి పెద్దమనిషి వచ్చినట్టు. తర్వాత ఆ మాటని ఎవరో ఒకరికి పేరుగా పెట్టేసేవారు. మర్నాడు సాయంత్రం దాకా అదే వాళ్ళ పేరు. అసలు పేరుతో పిలిచినా పలకకూడదు. నిద్రమొహం వాడు సోమ్నలెంట్ అయ్యేవాడు. వసపిట్టలా వాగే నేను ఎన్నిసార్లు లాక్వేషస్‌నయ్యానో. తిండి దగ్గర మొహమాటం లేని రావికమతం అబ్బాయి వొరేషస్ అయితే, ఆ పేరు వాడికి ట్యూషను మానేదాకా వదల్లేదు. వీధి వీధంతా ఈ పేర్లు పట్టేసుకుంది. పాలు పోసే ఆవిడ కూడా "ఏటే లాక్వేషసూ, గిన్ని బేగి తే" అనేది. మాట నోటికి కాదు, ఒంటికి పట్టాలనేవారు మాస్టారు. నిజంగానే పట్టేది. ఇప్పటికీ బాగా నిద్రపోయేవాణ్ణి చూస్తే నాకు ముందు ఆ ఇంగ్లీషు మాటే గుర్తొస్తుంది.

ఒక్క సంగతి మాత్రం అప్పట్లో మాకెవరికీ తట్టలేదు. ఇంగ్లీషులో ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడ్డం మాస్టారు ఎప్పుడూ ఎరగరు. ఆయన ఇంగ్లీషంతా పుస్తకంలోంచి వచ్చి మా చెవుల్లోకి వెళ్ళేది. అంతకు మించి దానికి వేరే పని ఉంటుందని ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు.

విశాఖపట్నంలో ఒక ఆఫీసు ఉద్యోగానికి రాతపరీక్షలో నేను పాసయ్యాను. మాటలకి అర్థాలడిగిన భాగంలో ఒక్కటీ పోలేదు. ఇంటర్వ్యూకి రమ్మన్నారు. మా నాన్నగారు తాలూకాఫీసులో గుమాస్తా. నా ఉద్యోగం మీద ఇంటిల్లిపాదీ ఆశలు పెట్టుకున్నారు. బస్టాండుకి మాస్టారు కూడా వచ్చి, ఆ రోజుకి నా పేరు ఇంట్రెపిడ్ అన్నారు. అంటే బెదురన్నది లేనిదని.

నిజంగానే నేను బెదరలేదు. బెదిరి ఉంటే బాగుండేది. లోపల ముగ్గురు ఆఫీసర్లు కూర్చున్నారు. ఏ ఊరినుంచి, ఎలా వచ్చావని ఇంగ్లీషులో అడిగారు. బస్సులో వచ్చానంటే సరిపోయేది. నేను మాత్రం నా పెరిగ్రినేషన్ మహా ఆర్డ్యుయస్‌గా సాగిందనీ, అయినా వేకువగాలి సెలూబ్రియస్‌గా వీచి సేదతీర్చిందనీ విన్నవించుకున్నాను. ప్రయాణం కష్టమైంది, గాలి హాయిగా ఉంది అని చెప్పడానికి ఇంత హంగామా. వాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఒకాయన లేచి పక్కగదిలోంచి మరో ఆఫీసర్ని పిలుచుకొచ్చి, "వన్స్ మోర్, ప్లీజ్" అన్నాడు.

నేను పొంగిపోయాను. గొంతు పెంచి, ఇంకో రెండు మాటలు తగిలించి, మొత్తం మళ్ళీ అప్పజెప్పాను.

తర్వాత ఒక మామూలు ప్రశ్న అడిగారు. ఆఫీసుకొచ్చిన మనిషి కోపంతో అరిస్తే నువ్వేం చేస్తావని. కోపిష్టి అనడానికి పెద్ద మాట ఠక్కున దొరికింది గానీ దాని చుట్టూ ఒక్క వాక్యమూ కుదరలేదు. పోనీలేమ్మా, తెలుగులో చెప్పమన్నారు. తెలుగూ రాలేదు. తలుపు దగ్గర నిలబడ్డ ప్యూను చేత్తో నోరు మూసుకోవడం అప్పుడు చూశాను. రెండోసారి ఎందుకు చెప్పించారో అప్పుడర్థమైంది.

బయట తన వంతు కోసం కూర్చున్న మా ఊరతను కర్టెన్ వెనకనుంచి అంతా విన్నాడు. మర్నాటికి వీధిలో నా కొత్త పేరు వన్స్ మోర్. నేను గుమ్మం దాటలేదు. అడిగినవాళ్ళకి అమ్మ నాకు జ్వరమని చెప్పేది. నాన్నగారు నన్నేమీ అనలేదు గానీ మాస్టారి వరండా వైపు చూడ్డం మానేశారు.

నాలుగో రోజు సాయంత్రం మాస్టారు మా ఇంటికొచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నన్ను పిలిచి, అక్కడ అన్నదంతా అన్నట్టే చెప్పమన్నారు. తలొంచుకుని చెప్పాను.

"ఎక్కడ నవ్వేరు?" అన్నారు.

"ముందు నవ్వినట్టు నాకు తెలీలేదండి. మళ్ళీ సెప్పమన్నారు. బాగుందని అడిగేరనుకున్నాను."

ఆ మాటకి ఆయన భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నారు. తర్వాత దాన్ని తీసి నాన్నగారితో అన్నారు. "తప్పు పిల్లది కాదండి. ఆల్లు నవ్వింది నన్ను. నేను ఆ గదిలో లేను గనక దీని మీద పడింది. నన్ను క్షమించాల."

నాన్నగారు గబుక్కున లేచి నిలబడ్డారు. ఆయనకంటే మాస్టారు వయసులో పెద్ద. ఊళ్ళో ఎంతమంది నవ్వినా ఓర్చుకున్నాను గానీ, ఆ మనిషి మా హాల్లో తలొంచుకుని నిలబడ్డం చూస్తే నాకు తల తీసేసినట్టయింది. 

ఆ తర్వాత కొన్నాళ్ళు ట్యూషను లేదు. ఆదివారాలు మాత్రం మాస్టారు పొద్దున్నే విశాఖ బస్సెక్కేవారు. ఎక్కడికో రావికమతం అబ్బాయి కనిపెట్టుకొచ్చి చెప్పాడు. అక్కడెవరో ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్పుతారట. చెప్పేది మాస్టారికి కూతురయ్యే వయసున్న అమ్మాయి. కుర్రాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చున్నారట మాస్టారు. ఆ అమ్మాయి తప్పు దిద్దినప్పుడల్లా లేచి నిలబడి, "ఎస్, మేడమ్" అంటున్నారట. వాడు నవ్వించడానికే మొదలుపెట్టాడు గానీ సగంలోనే ఆపేశాడు.

మళ్ళీ చాప పరిచిన రోజు నన్నూ పిలిపించారు. చొక్కా పై బొత్తాం తెరిచే ఉంది. నన్నేదైనా అడగండర్రా అన్నారు.  వొరేషస్ గాడు, టెలిఫోన్లో గొంతు అంతదూరం ఎలా వెళ్తుందని అడిగాడు. మాస్టారు నిటారుగా నిలబడి, వాడి కళ్ళలోకి చూస్తూ, "ఐ డోంట్ నో" అన్నారు. నర్సీపట్నంలో నడిచే డిక్షనరీ అని పేరున్న మనిషి ఆయన. మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

"తెలీదనడానికి ఏదైనా పెద్ద మాట ఉందేమోనని శానా ఎతికేను. అక్కర్లేదర్రా" అన్నారు. ఆ రోజు మా అందర్నీ వరసగా నిలబెట్టి అదే అనిపించారు. తలొంచకుండా, నసగకుండా వచ్చేదాకా ఒదల్లేదు. బస్సులో వచ్చానండి, కూర్చోమంటారా, మరోసారి చెబుతారా. అప్పట్నుంచి ఇంగ్లీషులో ఇవే మా పాఠాలు. పేర్లు పెట్టడం ఆగిపోయింది.

మరుసటి ఏడు టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగానికి వెళ్ళాను. తెలిసింది చిన్న మాటల్లో చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. ఉద్యోగమొచ్చింది. ఇన్నేళ్ళుగా నేను తినే తిండి ఆ చిన్న మాటల మీదే వస్తోంది. ఆ మాటలు తేవడానికి ఆయన అంత వయసులో బెంచీ ఎక్కారని నేను ఏ రోజూ మర్చిపోలేదు.

కానీ అప్పట్నుంచీ మాస్టారు నా ముందు ఒక్క పెద్ద మాట వాడలేదు. సెలవుకి ఊరెళ్ళినప్పుడు నేనే అడిగేదాన్ని, పాతవాటిలోంచి ఒక్కటి చెప్పండి మాస్టారూ అని. "ఇప్పుడెందుకమ్మా అయ్యి. డ్యూటీ ఎలాగుంది?" అనేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన నోటిదాకా ఏదో రావడం, దాన్ని మింగేసి చిన్న మాట వెతుక్కోవడం నాకు తెలుస్తూనే ఉండేది. ఆ మాటలంటే ఆయనకెంత ఇష్టమో నాకంటే ఎవరికి తెలుసు. నా మూలాన ఆయన మానుకున్నారని సిగ్గుపడేదాన్ని. మరోపక్క, ఎక్స్ఛేంజిలో మా వాళ్ళతో మాత్రం, ఆడంబరం వదిలేసిన గురువని గొప్పగా చెప్పుకునేదాన్ని.

పెద్దకర్మ నాడు వెళ్ళాను. వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళాక, మాస్టారి భార్య, మేం అమ్మగారనేవాళ్ళం, నా పక్కన వచ్చి కూర్చున్నారు. ఆ పెద్ద మాటలు మానేశాక మాస్టారికి ఏమీ తోచేది కాదేమోనండీ అన్నాను.

అమ్మగారు నా మొహంలోకి వింతగా చూశారు. "మానీడమేటమ్మా? రోజూ సందేల పెరట్లో నిమ్మసెట్టు సుట్టూ తిరుగుతా పైకి సదువుకునేవోరు. నీ గొంతు ఇనపడితే మాత్రం ఆపీసేవోరు. ఆ పిల్ల సెవిన పడితే మళ్ళీ ఆ రోజు గుర్తొస్తాదే అనేవోరు."

ఇన్నేళ్ళూ. తన సొంత పెరట్లో, దొంగతనం చేస్తున్నవాడిలా. నాకు బాధ కలగకూడదని ఆయన దాచుకున్నారు, ఆయన మానేశారని నేను నమ్మాను. నాకే సిగ్గేసింది. అమ్మగారి ముందు ఏడవలేక లేచి పెరట్లోకి వెళ్ళాను.

నిమ్మచెట్టు చుట్టూ గడ్డి మొలవని దారి గుండ్రంగా, నున్నగా ఉంది. ఒక్కచోట మాత్రం అడుగులు ఎక్కువ పడి నేల చిన్న గుంటలా దిగిపోయింది. వెళ్ళి అందులో నిలబడ్డాను. అక్కణ్ణుంచి చూస్తే నడవలోంచి వీధిగుమ్మమూ, దాని అవతల మా ఇంటి గుమ్మమూ తిన్నగా కనిపిస్తున్నాయి.