పసుపు పడవకు ఒకటే మాట

పన్నెండు అడుగుల పసుపుపచ్చ ప్లాస్టిక్ పడవను దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టుకున్న మనిషికి బుద్ధి ఉందని ఎవరూ అనరు. మా ఆవిడైతే మొదటి రోజే అనలేదు. దీన్ని కయాక్ అంటారని, ఒక్కడే కూర్చుని తెడ్డు వేసుకుంటూ చేపలు పట్టుకోవచ్చని చెబితే, "ఈ తొట్టికి ఇరవై రెండు వేలా?" అంది. దేశం విడిచి వెళ్తున్న ఓ కంపెనీ ఆఫీసరు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మూడేళ్ళు ప్రతి ఆదివారం అబ్దుల్లాపూర్‌మెట్ అవతల చెరువుల్లో తిరిగాను. గాలానికి పడిన జిలేబీ చేపలకంటే ఒంటికి పట్టిన నాచు కంపే ఎక్కువ. అయినా వారం మొత్తంలో నేను హాయిగా ఊపిరి పీల్చుకునేది ఆ పడవలోనే.

దాన్ని అమ్ముదామనుకున్నది తెలంగాణ ఉద్యమం బాగా ముదిరిన రోజుల్లో. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. మాది కృష్ణా జిల్లా. రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారని ఒకరు, పొమ్మనలేక పొగపెడతారని ఇంకొకరు. మా బావమరిది రోజూ ఫోన్ చేసి అదే పాట పాడేవాడు. చివరికి విజయవాడకు బదిలీ కోరుతూ అప్లికేషన్ రాసి ఆఫీసు సొరుగులో పెట్టాను. ఇవ్వలేదు, చింపలేదు. ఇరవై ఏళ్ళు బతికిన ఊరిని వదిలే ధైర్యం లేదు, ఉండే ధైర్యమూ లేదు. ముందు పడవ అమ్మేస్తే తర్వాతి సంగతి అదే తేలుతుందనుకున్నాను. ఎవరైనా అడిగితే మాత్రం సెల్లార్‌లో చోటు చాలడం లేదని చెప్పేవాణ్ణి.

సీటు పట్టీ తెగింది, అడుగున రాళ్ళ గీతలున్నాయి. అన్నీ తీసేసి పద్దెనిమిది వేలు, ఒకటే మాట అని నెట్‌లో ప్రకటన పెట్టాను.

మొదట బాలాపూర్ నుంచి ఒకడు వచ్చాడు. పడవ తిరగేసి చూడలేదు, తెడ్డు పట్టుకోలేదు. నా ముఖమే చూశాడు. నేను "రండి, చూడండి" అనగానే నా యాస పట్టేశాడు.

"ఎప్పుడు పోతున్నరు సార్?"

"ఎక్కడికి?"

"మీ దిక్కుకు. మూడు వేలిస్త. పోయేటప్పుడు నెత్తి మీద పెట్టుకొని పోతరా ఏంది?"

నవ్వాడు. పళ్ళ సందుల్లో గుట్కా. కుదరదంటే, పోతూ పోతూ సెల్లార్ గోడ మీద ఉమ్మేసి పోయాడు.

మర్నాడు రెండో అంతస్తులో ఉండే కోచింగ్ సెంటర్ ఆయన వచ్చాడు. మా జిల్లావాడే. మా తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "మనవాళ్ళంతా సర్దుకుంటున్నారండీ. ఈ టైములో పట్టుదలకు పోకూడదు. రెండున్నర వేలు తీసుకుని నాకిచ్చేయండి" అన్నాడు. శవాల మీద పేలాలు ఏరుకునే రకం. మనవాడైనందుకు ఐదొందలు తక్కువ కూడానూ! ఆయన తాగి వెళ్ళిన కాఫీ గ్లాసును రెండుసార్లు కడిగాను.

ఆ రాత్రంతా ఇద్దరినీ తిట్టుకున్నాను. కానీ వాళ్ళు అన్నదాంట్లో అబద్ధం ఏముంది? సొరుగులో కాగితం దాచుకున్నవాడికి అంత రోషం దేనికి?

ఆ శుక్రవారం ట్రాలీ ఆటో ఆయన వచ్చాడు. నల్గొండ మనిషి. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బండి పెట్టుకుంటాడు. మూడేళ్ళుగా పడవను చెరువుకు మోసింది ఆయనే. బంద్ రోజున కూడా పడవ ముక్కుకు జై తెలంగాణ స్టిక్కర్ అంటించి, "గిది జూస్తె ఎవ్వడాపడు సార్" అని హైవే మీద దర్జాగా తీసుకుపోయాడు. ప్రతి ఆదివారం ఆయన కిరాయి ఎనిమిదొందలు అనేవాడు, నేను మూడొందలు అనేవాణ్ణి. పావుగంట ఒకరినొకరం తిట్టుకుని ఐదొందల దగ్గర ఆగేవాళ్ళం. ఐదొందలని ఇద్దరికీ ముందే తెలుసు. అయినా ఒక్క వారం కూడా ఆ పావుగంట మానలేదు.

వాచ్‌మన్ చెబితే తెలిసిందట. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, "ఎంత?" అన్నాడు.

"పద్దెనిమిది వేలు."

చొక్కా లోపలి జేబులోంచి మడత పెట్టిన నోట్లు తీసి, లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. "ఆదివారం బండి తెచ్చి తీస్కపోత. మా ఊరి చెరువుల ఏస్కుంట" అన్నాడు.

నేను బిత్తరపోయాను. "బేరం చెయ్యవా అన్నా?"

ఆయన నా వైపు చూడలేదు. "పోయేటోళ్ళతోని బేరమేంది సార్."

"పోతున్నానని నీకెవరు చెప్పారు?"

"మీరే జెప్పిండ్రు. ముప్పై అనకుంట సీదా పద్దెనిమిది అన్నరు. మల్ల మొకం జూసుకునేది లేనోడే గట్ల ఒకటే మాట జెప్తడు."

నా మీద నాకే ఛీ అనిపించింది. గుట్కావాడు ఉమ్మినప్పుడు కూడా నాకంత అసహ్యం పుట్టలేదు. ఆ ఇద్దరూ నా యాస విని ఊహించారు. ఈయన మాత్రం నన్ను ఎరిగినవాడు. నేను ధర చెప్పిన తీరులోనే నా పారిపోవడం విన్నాడు. విని తిట్టలేదు, అడగలేదు. పద్దెనిమిది వేలు ఎక్కడ పుట్టించాడో కానీ నన్ను మర్యాదగా సాగనంపుతున్నాడు.

నోట్లు మళ్ళీ ఆయన జేబులో కుక్కాను.

"ముప్పై వేలు" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. తర్వాత చెప్పు కాలితో పడవను ఒక్కటి తన్నాడు. "ముప్పయ్యా? గీ గీతలు పడ్డ తొట్టికా? మనిషన్నంక జర ఇమానం ఉండాలె సార్! ఐదు వేలు. గది గూడ మీ మొకం జూసి."

"ఐదు వేలకు తెడ్డు కూడా రాదు. నీ ట్రాలీ అమ్ముకో, పోనీ."

"నా ట్రాలీ జోలికి రాకుండ్రి!"

గంటసేపు అరుచుకున్నాం. కొట్టుకుంటున్నామేమోనని వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఆయన తొమ్మిది దగ్గర ఆగాడు. నేను ఇరవై ఐదు దిగలేదు. "జర సోంచాయించుండ్రి" అని కసురుకుని, బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ మెట్ల మీద నిలబడి అంతా వింది. "పద్దెనిమిది వేలు చేతిలో పెడితే తిరిగిచ్చేశారా? మతి గానీ పోయిందా?"

"అది పోయేవాళ్ళకిచ్చే ధర" అన్నాను.